ఆన్‌లైను పోకర్ సైట్లకు వృత్తి ఆటగాళ్ళ ప్రచారం

ఆన్‌లైను పోకర్ సైట్లకు వృత్తి ఆటగాళ్ళ ప్రచారం అనగా, పోకర్ అనే పేకాటను జీవనోపాధిగా చేసుకొన్న ప్రసిద్ధ ఆటగాళ్ళు, సొమ్ము పందెంగా పెట్టి ఆడే అంతర్జాల సైట్లకు తమ పేరును, ఛాయాచిత్రాన్ని, ప్రతిష్ఠను ప్రచార సాధనంగా వాడుకోనివ్వడం. ఇందుకు ప్రతిఫలంగా వారికి జీతం, టోర్నమెంట్ల ప్రవేశ రుసుము, కొన్ని సందర్భాలలో కంపెనీలో వాటా లభిస్తాయి. 1998లో తొలి ఆన్‌లైను పోకర్ సైటు ప్రారంభమైన కొద్దికాలానికే ఈ ఆచారం మొదలైంది. 2003 తరువాత అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇది పెద్ద వ్యాపారంగా పెరిగింది. 2007-2008లో అబ్సల్యూట్ పోకర్, అల్టిమేట్‌బెట్ సైట్లలో మోసాలు బయటపడ్డాయి. 2011లో ఫుల్ టిల్ట్ పోకర్ అనే సైటు తన ఖాతాదారుల సొమ్మును తిరిగి చెల్లించలేకపోయింది. ఈ ఉదంతాల తరువాత ఇటువంటి ప్రచారంలోని నైతిక బాధ్యత గురించి తీవ్రమైన చర్చ జరిగింది.

ఈ చర్చలోని కీలకాంశం ఒకటే. వృత్తి ఆటగాడి కీర్తి ఆటలోని నేర్పు వలన వచ్చినది. సైటులో సొమ్ము జమ చేసే వ్యక్తికి కావలసిన భరోసా మాత్రం ఆ సైటు లెక్కలకు, బ్యాంకు నిల్వలకు, సాఫ్టువేరు భద్రతకు సంబంధించినది. మొదటిదానిని చూపి రెండవదానికి హామీ ఇచ్చినట్లు కనబడడమే వివాదానికి మూలం.

నేపథ్యం

పోకర్ 52 ముక్కలతో ఆడే పందెపు ఆట. ఆటగాళ్ళు పరస్పరం పోటీపడతారు. ఆట నడిపే సంస్థ పందెంలో పాల్గొనదు. ప్రతి ఆటలోను పోగైన సొమ్ములో కొంత భాగాన్ని రుసుముగా తీసుకొంటుంది. దీనిని రేక్ అంటారు. ఈ కారణం వలన సంస్థకు ఎవరు గెలిచినా ఒకటేనని, మోసం చేయవలసిన అవసరం దానికి లేదని తొలినాళ్ళలో వాదించేవారు.

ఎదురెదురుగా కూర్చుని ఆడే పోకర్‌లో ముక్కలు కలపడం, పంచడం కళ్ళముందే జరుగుతాయి. ఆట ముగియగానే ఆటగాడు తన చిప్స్ ఇచ్చి సొమ్ము తీసుకొని వెళ్ళిపోవచ్చు. ఆన్‌లైను ఆటలో ఈ రెండూ కనిపించవు. అందువలన ఆడే వ్యక్తి మూడు విషయాలలో సైటును నమ్మవలసి ఉంటుంది.

1. ముక్కల పంపిణీ యాదృచ్ఛికంగా జరుగుతుందని.
2. తన ముక్కలు ఎదుటివారికి గాని, సైటు ఉద్యోగులకు గాని కనిపించవని.
3. తాను జమ చేసిన సొమ్ము, గెలుచుకొన్న సొమ్ము అడిగినపుడు తిరిగి వస్తాయని.

వీటిలో మూడవది బ్యాంకు డిపాజిటును పోలినది. అయితే బ్యాంకులపై ఉండే డిపాజిట్ బీమా, కేంద్ర బ్యాంకు తనిఖీ వంటి రక్షణలు ఈ సైట్లకు లేవు. చాలా సైట్లు కెనడాలోని కానవాకే అనే మోహాక్ ఆదివాసుల ప్రాంతంలోను, ఇంగ్లీషు ఛానల్‌లోని ఆల్డర్నీ వంటి చిన్న ద్వీపాలలోను లైసెన్సులు పొంది పనిచేసేవి. వేల మైళ్ళ దూరంలో ఉన్న సాధారణ ఆటగాడికి ఆ సంస్థల లెక్కలు పరిశీలించే మార్గం లేదు. ఈ లోటును పూడ్చడానికే టెలివిజన్‌లో అందరికీ తెలిసిన ఆటగాళ్ళ ముఖాలు ఉపయోగపడ్డాయి.

ఒప్పందాల స్వరూపం

ప్రచార ఒప్పందాలు ప్రధానంగా మూడు రకాలుగా ఉండేవి.

మొదటి రకం కేవలం చిహ్నం ధరించడం. ఆటగాడు టెలివిజన్ ప్రసారమయ్యే టోర్నమెంటులో సైటు పేరు ఉన్న టోపీ లేక చొక్కా ధరిస్తాడు. అందుకు కొంత సొమ్ము ఇస్తారు.

రెండవ రకం జట్టు సభ్యత్వం. ఆటగాడు ఏడాది పొడవునా సైటు ప్రతినిధిగా వ్యవహరిస్తాడు. అదే సైటులో ఆడతాడు, పాఠాలు చెబుతాడు, కొత్తవారిని ఆహ్వానిస్తాడు. అతనికి జీతంతో పాటు ప్రవేశ రుసుములు, అతను చెల్లించిన రేక్‌లో కొంత భాగం తిరిగి లభిస్తాయి.

మూడవ రకం యాజమాన్యంలో వాటా. ఇందులో ప్రచారం చేసే వ్యక్తి, లాభం పంచుకొనే వ్యక్తి ఒకరే అవుతారు. ఇటువంటి వాటాల వివరాలు సాధారణంగా ఖాతాదారులకు తెలిసేవి కావు. 2008 నవంబరులో క్లోనీ గోవెన్ అనే క్రీడాకారిణి, తనకు ఫుల్ టిల్ట్‌లో 1 శాతం వాటా ఇస్తామని మాట ఇచ్చి తప్పారంటూ 4 కోట్ల డాలర్లకు దావా వేసింది. జట్టు సభ్యులకు, యాజమాన్యానికి మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదో ఈ దావా వలన చాలామందికి మొదటిసారి తెలిసింది.

అమెరికా టెలివిజన్‌లో పందెపు సైట్ల ప్రకటనలకు చట్టపరమైన చిక్కులు ఉండడం వలన, అదే పేరుతో '.నెట్' అనే తోకతో సొమ్ము లేకుండా ఆడే మరొక సైటును ప్రారంభించి దానిని ప్రచారం చేసేవారు. ప్రేక్షకుడు ఆ పేరు గుర్తుంచుకొని '.కామ్' సైటుకు వెళతాడన్నది ఇందులోని ఆశ.

చరిత్ర

తొలి దశ

సొమ్ముతో ఆడే మొదటి ఆన్‌లైను పోకర్ సైటు ప్లానెట్ పోకర్. ఇది 1998 జనవరి 1న ప్రారంభమైంది. పోకర్ గ్రంథకర్తగా పేరుపొందిన మైక్ కారో దీనికి ప్రతినిధిగా వ్యవహరించాడు. తమ ఆట నిజాయితీగా నడుస్తున్నదని చూపడానికి, ముక్కలు కలిపే పద్ధతిని వారు బహిరంగంగా ప్రచురించారు. 1999లో కొందరు సాఫ్టువేరు భద్రతా నిపుణులు దానిని పరిశీలించి లోపం కనుగొన్నారు. 52 ముక్కలను అమర్చగల విధాలు 68 అంకెల సంఖ్య అంతటివి. ఆ సాఫ్టువేరు మాత్రం అర్ధరాత్రి నుండి గడచిన మిల్లీసెకండ్ల సంఖ్యపై ఆధారపడినందున, ఒక రోజులో 8.64 కోట్ల అమరికలకు మించి రావడానికి వీలు లేదు. కొన్ని ముక్కలు తెలిస్తే మిగిలినవన్నీ కంప్యూటరు ద్వారా క్షణాలలో కనుగొనవచ్చునని వారు నిరూపించారు. ఆ తరువాత లోపం సరిచేయబడింది. సదుద్దేశంతో నడిచే సైటులో సైతం ప్రమాదం ఉండవచ్చునని, దానిని కనిపెట్టడానికి పోకర్ నైపుణ్యం చాలదని ఈ సంఘటన తెలిపింది.

2003లో టెన్నెసీ రాష్ట్రానికి చెందిన గణకుడు క్రిస్ మనీమేకర్, పోకర్‌స్టార్స్ సైటులో కొద్దిపాటి రుసుముతో ఆడి అర్హత సంపాదించి, లాస్ వేగస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో 25 లక్షల డాలర్లు గెలుచుకొన్నాడు. ఆ ఏడాది ప్రధాన పోటీలో 839 మంది పాల్గొనగా, 2004లో 2,576 మంది, 2005లో 5,619 మంది, 2006లో 8,773 మంది పాల్గొన్నారు. ఈ వెల్లువలో ప్రతి సైటూ తనకంటూ ఒక ప్రముఖుని ఎంచుకొంది. మైక్ సెక్స్‌టన్ పార్టీపోకర్‌కు, 1989 విజేత ఫిల్ హెల్ముత్, ఆనీ డ్యూక్ అల్టిమేట్‌బెట్‌కు ప్రతినిధులయ్యారు. ఆనీ డ్యూక్ సోదరుడు హోవార్డ్ లెడరర్, 2000 విజేత క్రిస్ ఫెర్గూసన్ మరికొందరితో కలసి 2004లో ఫుల్ టిల్ట్ పోకర్‌ను ప్రారంభించారు.

2006 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం చట్టవిరుద్ధ అంతర్జాల జూదానికి బ్యాంకు చెల్లింపులను నిషేధిస్తూ చట్టం చేసింది. పార్టీపోకర్ వెంటనే అమెరికా నుండి వైదొలగింది. పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సల్యూట్ పోకర్, అల్టిమేట్‌బెట్ కొనసాగాయి. పోటీ తగ్గడంతో మిగిలిన సైట్లు మరింత పెరిగాయి.

అబ్సల్యూట్ పోకర్, అల్టిమేట్‌బెట్ ఉదంతం

2007 సెప్టెంబరులో అబ్సల్యూట్ పోకర్‌లో జరిగిన ఒక టోర్నమెంటులో 'పాట్‌రిప్పర్' అనే ఖాతా గెలిచింది. ఎదుటివారి ముక్కలు తెలిసినట్లుగా ఆ ఖాతా ఆడుతున్నదని అనుమానం వచ్చి, రెండవ స్థానంలో నిలిచిన ఆటగాడు ఆట వివరాలు ఇవ్వమని సైటును కోరాడు. సైటు నుండి అతనికి అందరు ఆటగాళ్ళ ముక్కలతో కూడిన పూర్తి దస్త్రం వచ్చింది. దానిని విశ్లేషించిన ఆటగాళ్ళు, ఆ బల్లను గమనిస్తూ ఉన్న మరొక ఖాతా ఉన్నట్లు కనుగొన్నారు. లోపలివారికి మాత్రమే సాధ్యమయ్యే మార్గం ద్వారా ముక్కలు చూడబడినవని తేలింది. కానవాకే గేమింగ్ కమిషన్ ఈ సైటుకు 5 లక్షల డాలర్ల జరిమానా విధించింది.

ఆ తరువాత కొద్ది నెలలకే అల్టిమేట్‌బెట్‌లో ఇంకా పెద్ద మోసం వెలుగులోకి వచ్చింది. ఈ రెండు సైట్లూ అప్పటికి ఒకే యాజమాన్యం క్రింద ఉన్నాయి. 'నియోనియో' మొదలైన ఖాతాల గెలుపు రేటు గణితపరంగా దాదాపు అసంభవమని ఆటగాళ్ళే లెక్కకట్టి చూపారు. 1994 వరల్డ్ సిరీస్ విజేత రస్ హామిల్టన్ ఈ మోసానికి ప్రధాన బాధ్యుడని 2008 సెప్టెంబరులో కానవాకే కమిషన్ ప్రకటించి, సైటుకు 15 లక్షల డాలర్ల జరిమానా విధించింది. మోసం ఏళ్ళ తరబడి సాగినట్లు విచారణలో తేలింది. బాధితులకు సుమారు 2.2 కోట్ల డాలర్లు తిరిగి చెల్లించారు. హామిల్టన్‌పై క్రిమినల్ కేసు నమోదు కాలేదు.

హెల్ముత్, ఆనీ డ్యూక్ ఈ మోసంలో పాల్గొన్నారని కమిషన్ చెప్పలేదు. అయితే మోసం బయటపడిన తరువాత కూడా వారు 2010 చివరి వరకు సైటు ప్రతినిధులుగా కొనసాగారు. ప్రతినిధి పేరును నమ్మి చేరిన ఖాతాదారునికి, ఆ ప్రతినిధి మౌనంగా కొనసాగడం 'సైటు ఇప్పుడు సురక్షితం' అన్న సందేశమే ఇచ్చిందని విమర్శకులు పేర్కొన్నారు.

ఇదే సైటు కొత్త ప్రతినిధులను సైతం సంపాదించింది. 2009లో జో సీబాక్ అనే ఆటగాడు, లోపల ఉండి పాత మోసం వివరాలు బయటకు తెస్తానని, సంస్థను సంస్కరిస్తానని చెప్పి చేరాడు. 2010 చివరలో ప్రహ్లాద్ ఫ్రీడ్‌మన్ చేరాడు. ఈయన స్వయంగా అదే సైటులో మోసపోయిన ఆటగాళ్ళలో ఒకడు. బాధితుడే ప్రచారకర్తగా మారడం వలన సైటు మారిందన్న నమ్మకం కొందరిలో కలిగింది. మరి కొద్ది నెలలకే, 2011 ఏప్రిల్‌లో, సైటు చెల్లింపులు నిలిచిపోయాయి. సీబాక్ ఆ తరువాత వైదొలగి క్షమాపణ చెప్పాడు. ఈ సైట్ల అమెరికా ఖాతాదారులకు సొమ్ము తిరిగి అందడానికి 2017 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ఫుల్ టిల్ట్ పోకర్ ఉదంతం

ఫుల్ టిల్ట్ ప్రచారమంతా వృత్తి ఆటగాళ్ళ చుట్టూ అల్లబడింది. ప్రసిద్ధులతో మాట్లాడవచ్చు, వారి వద్ద నేర్చుకోవచ్చు, వారితో ఆడవచ్చు అన్నది దాని నినాదం. సైటులో వృత్తి ఆటగాళ్ళ పేర్లు ఎర్రని రంగులో కనిపించేవి. ఫిల్ ఐవీ, ఎరిక్ సీడెల్, జెన్నిఫర్ హార్మన్, జాన్ జువాండా వంటివారు జట్టులో ఉండేవారు. లెడరర్‌కు 'ప్రొఫెసర్' అనే పేరు ఉండేది. కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పొందిన ఫెర్గూసన్, ఒక్క డాలరు కూడా జమ చేయకుండా ఉచిత టోర్నమెంట్లతో మొదలుపెట్టి 10,000 డాలర్లు సంపాదించి చూపాడు. తన మొత్తం సొమ్ములో 5 శాతానికి మించి ఏ బల్ల మీదా పెట్టరాదన్నది ఆయన బోధించిన నియమాలలో ఒకటి. సొమ్మును జాగ్రత్తగా కాపాడుకోవడంపై ఆయన చెప్పిన పాఠాలు సైటుకు మంచి పేరు తెచ్చాయి.

2011 ఏప్రిల్ 15న న్యూయార్కు దక్షిణ జిల్లా అటార్నీ ప్రీత్ భరారా కార్యాలయం పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సల్యూట్ పోకర్ సంస్థలకు సంబంధించిన 11 మందిపై అభియోగాలను వెల్లడించింది. బ్యాంకులను మోసగించడం, అక్రమ ధన చలామణి, 2006 చట్ట ఉల్లంఘన వాటిలో ముఖ్యమైనవి. సైట్ల చిరునామాలు స్వాధీనం చేసుకొన్నారు. పోకర్ లోకంలో ఈ రోజును 'బ్లాక్ ఫ్రైడే' అంటారు.

సొమ్ము తిరిగి చెల్లించడానికి వీలుగా కొద్ది రోజులలోనే ప్రభుత్వం పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్‌లతో ఒప్పందం చేసుకొంది. పోకర్‌స్టార్స్ కొద్ది వారాలలోనే అమెరికా ఖాతాదారులకు చెల్లించివేసింది. ఫుల్ టిల్ట్ చెల్లించలేకపోయింది. ఆ సంవత్సరపు వరల్డ్ సిరీస్ ప్రారంభంలో ఫిల్ ఐవీ, ఖాతాదారులకు సొమ్ము అందనందున తాను పోటీలలో పాల్గొనబోనని ప్రకటించి, మాతృసంస్థపై 15 కోట్ల డాలర్ల దావా వేశాడు. జూన్ చివరలో దానిని ఉపసంహరించుకొన్నాడు. 2011 జూన్ 29న ఆల్డర్నీ కమిషన్ సైటు లైసెన్సును నిలిపివేసి, సెప్టెంబరు 29న రద్దు చేసింది.

2011 సెప్టెంబరు 20న ప్రభుత్వం సవరించిన సివిల్ ఫిర్యాదులో అసలు లెక్కలు బయటపెట్టింది. ఆ ఫిర్యాదు ప్రకారం:

- 2011 మార్చి 31 నాటికి సైటు ప్రపంచవ్యాప్తంగా ఖాతాదారులకు సుమారు 39 కోట్ల డాలర్లు బాకీ ఉంది. ఇందులో 15 కోట్లు అమెరికా వారివి.
- అదే సమయంలో బ్యాంకు ఖాతాలలో ఉన్నది సుమారు 6 కోట్ల డాలర్లు.
- 2007 ఏప్రిల్ నుండి 2011 ఏప్రిల్ వరకు యజమానులకు పంచిన మొత్తం సుమారు 44 కోట్ల డాలర్లు. వాటాదారులు సుమారు 23 మంది.
- ఖాతాదారుల బ్యాంకుల నుండి సొమ్ము వసూలు కాకుండానే సుమారు 13 కోట్ల డాలర్లు వారి ఆట ఖాతాలలో జమ చూపారు.

ఖాతాదారుల సొమ్ము వేరుగా, భద్రంగా ఉందని సంస్థ చెబుతూ వచ్చిందని, వాస్తవానికి ఇది పోంజీ పథకంగా నడిచిందని ప్రభుత్వం ఆరోపించింది. సంస్థ ముఖ్య కార్యనిర్వాహకుడు రే బిటార్‌తో పాటు డైరెక్టర్లైన లెడరర్, ఫెర్గూసన్, రేఫ్ ఫర్స్ట్‌లను ప్రతివాదులుగా చేర్చారు.

పరిష్కారం

2012 జూలైలో కుదిరిన ఒప్పందం ప్రకారం పోకర్‌స్టార్స్ 73.1 కోట్ల డాలర్లు చెల్లించి, తనపై ఉన్న సివిల్ వ్యాజ్యాన్ని పరిష్కరించుకొని, ఫుల్ టిల్ట్ ఆస్తులను పొందింది. ఇందులో 54.7 కోట్లు అమెరికా ప్రభుత్వానికి, 18.4 కోట్లు అమెరికాకు వెలుపలి ఖాతాదారులకు చెందాయి. సైటు 2012 నవంబరు 6న తిరిగి తెరచుకొంది. అమెరికా వారికి చెల్లింపులు 2014 ఫిబ్రవరి చివరలో మొదలయ్యాయి. మొదటి విడతలో సుమారు 27,500 మందికి 7.6 కోట్ల డాలర్లు అందాయి. వృత్తిగా ఆడేవారిలో చాలామందికి ఈ సొమ్మే పెట్టుబడి గనుక, మూడేళ్ళ ఆలస్యం వలన కొందరు ఆట మానుకొన్నారు, కొందరు అప్పుల పాలయ్యారు. ఫుల్ టిల్ట్ సైటు 2021 ఫిబ్రవరిలో శాశ్వతంగా మూతపడింది.

బిటార్ 2013లో నేరం అంగీకరించాడు. తీవ్రమైన గుండె జబ్బు కారణంగా అతనికి అదనపు కారాగారశిక్ష పడలేదు. లెడరర్, ఫెర్గూసన్, ఫర్స్ట్ తప్పు ఒప్పుకోకుండానే ఆస్తులు కొంత వదులుకొని రాజీ చేసుకొన్నారు. లెడరర్, ఫెర్గూసన్ 2016లో వరల్డ్ సిరీస్‌కు తిరిగివచ్చారు. దానికి ముందు లెడరర్ ఒక క్షమాపణ లేఖ విడుదల చేశాడు. ఖాతాదారుల సొమ్మును కాపాడడంలో సంస్థ వైఫల్యానికి బాధ్యత వహిస్తున్నానని, తన అశ్రద్ధ వలన ఆ సొమ్ము ప్రమాదంలో పడిందని అందులో అంగీకరించాడు. ఫెర్గూసన్ 2017లో వరల్డ్ సిరీస్ ఉత్తమ ఆటగాడి బిరుదు పొంది, 2018లో క్లుప్తమైన క్షమాపణ వీడియో విడుదల చేశాడు. అది చాలా ఆలస్యంగా, అసంపూర్ణంగా ఉందని పలువురు ఆటగాళ్ళు విమర్శించారు.

నైతిక వాదాలు

ప్రచారకర్తలను సమర్థించే వాదాలు

ప్రచారకర్త ఉద్యోగి కాడు, తనిఖీదారుడు కాడు. సంస్థ లెక్కలు చూసే అధికారం అతనికి లేదు. సైటుకు లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వ సంస్థయే లోపాన్ని పసిగట్టలేనప్పుడు ఆటగాడు ఎలా పసిగడతాడని సమర్థకులు ప్రశ్నిస్తారు. పలువురు ప్రచారకర్తల సొంత సొమ్ము సైతం ఆ సైట్లలోనే చిక్కుకొనిపోయింది. సబ్బుకు ప్రచారం చేసే సినిమా నటి ఆ సబ్బును ప్రయోగశాలలో పరీక్షించాలని ఎవరూ కోరరు గదా అని కూడా వాదిస్తారు.

విమర్శకుల వాదాలు

సబ్బుతో పోలిక సరికాదని విమర్శకులు అంటారు. సబ్బు నచ్చకపోతే పోయేది దాని ధర మాత్రమే. ఇక్కడ ప్రకటన అడిగేది నిల్వ సొమ్మును అప్పగించమని. పైగా సినిమా నటిని ఎవరూ సబ్బుల నిపుణురాలిగా భావించరు. పోకర్ ఆటగాడు అదే రంగంలో నిపుణుడు కావడం వలన అతని మాటకు విలువ ఎక్కువ. సైటు అతనికి సొమ్ము ఇచ్చేదే ఆ విలువ కోసం. కనుక 'నాకేమీ తెలియదు' అన్న సమాధానం, తెలిసినవాడిగా కనబడి పొందిన ప్రతిఫలంతో పొసగదని వారి వాదన.

లైసెన్సు వాదానికి కూడా సమాధానం ఉంది. ప్రచారకర్త లెక్కలు తనిఖీ చేయలేకపోవచ్చు. కాని ఖాతాదారుల సొమ్ము వేరే ఖాతాలో ఉందా, దానిని స్వతంత్ర ఆడిటరు ధ్రువీకరించాడా అని అడగగలడు. సైటుకు అతని పేరు అవసరం గనుక, సాధారణ ఖాతాదారుని ప్రశ్నకు రాని జవాబు అతని ప్రశ్నకు రావచ్చు. జవాబు రాకపోతే సంతకం చేయకుండా ఉండగలడు.

బాధ్యతలో తరతమాలు

ప్రచారకర్తలందరినీ ఒకే గాటన కట్టరాదన్న అభిప్రాయం ఇరుపక్షాలలోను ఉంది. సాధారణంగా నాలుగు స్థాయిలు గుర్తిస్తారు.

1. లోపం గురించి ఎటువంటి సూచన లేని కాలంలో చేరి, తెలియగానే తప్పుకొన్నవారు. వీరి బాధ్యత స్వల్పం.
2. మోసం బహిరంగమైన తరువాత కూడా కొనసాగినవారు.
3. మోసం బహిరంగమైన తరువాత క్రొత్తగా చేరినవారు. సంస్కరించే ఉద్దేశం ఉన్నప్పటికీ, సాక్ష్యం చూపకముందే తమ పేరు ఇవ్వడం వలన ఫలితం ఒకటే అయింది.
4. యాజమాన్యంలో వాటా ఉండి, లాభాలు పంచుకొంటూ ప్రచారం చేసినవారు. తెలుసుకొనే హక్కు, అవకాశం ఉన్నందున వీరి బాధ్యత అత్యధికం.

చట్టబద్ధత, విశ్వసనీయత

2011 నాటి అభియోగాలు పోకర్‌స్టార్స్‌పైనా, ఫుల్ టిల్ట్‌పైనా ఒకే విధమైనవి. అయినా మొదటి సైటు ఖాతాదారులు సొమ్ము పొందారు, రెండవ సైటు వారు పొందలేదు. తేడా ఖాతాదారుల సొమ్మును నిర్వహణ ఖర్చుల నుండి వేరుగా ఉంచడంలో ఉంది. కనుక ఒక సైటు చట్టబద్ధమా అన్న ప్రశ్న, అది నమ్మదగినదా అన్న ప్రశ్న వేరువేరు. ప్రకటనలలోని ప్రముఖుల ముఖాలు ఈ రెండింటిలో దేనికీ సమాధానం ఇవ్వవు. ఈ అంశాన్ని ఉదంతం నుండి నేర్వవలసిన ముఖ్య పాఠంగా పేర్కొంటారు.

తదుపరి పరిణామాలు

బ్లాక్ ఫ్రైడే తరువాత అమెరికా ఆటగాళ్ళను చేర్చుకొన్న చిన్న సైట్లు కూడా వృత్తి ఆటగాళ్ళతో జట్లు కట్టాయి. వీటిలో లాక్ పోకర్ ముఖ్యమైనది. దాని చెల్లింపులు క్రమంగా ఆలస్యమై, చివరకు ఆగిపోయాయి. 2015 ఏప్రిల్‌లో సైటు మూతపడింది. చాలామంది ఖాతాదారులకు సొమ్ము తిరిగి రాలేదు. ఈసారి కొనుగోలుదారు గాని, ప్రభుత్వ పరిహారం గాని లేవు.

బ్రిటనులో గ్యాంబ్లింగ్ కమిషన్ నియమాల ప్రకారం ప్రతి సంస్థా తన ఖాతాదారుల సొమ్ముకు, తాను దివాలా తీస్తే ఎంత రక్షణ ఉంటుందో ముందే తెలియజేయాలి. దీనికి రక్షణ లేనిది, మధ్యస్థం, ఉన్నతం అనే మూడు స్థాయిలు ఉన్నాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, తప్పుడు ప్రకటనకు ప్రకటనదారుతో పాటు సిఫారసు చేసిన వ్యక్తి కూడా బాధ్యుడు కావచ్చు. వాటా, జీతం వంటి సంబంధాలను వెల్లడించాలి.

భారతదేశంలో

భారతదేశంలో ఈ సమస్య పోకర్ కంటె రమ్మీ, క్రికెట్ పందాల యాప్‌ల విషయంలో ఎక్కువగా ఎదురైంది. ఇక్కడ ప్రచారం చేసినవారు ప్రధానంగా సినిమా నటులు, క్రికెటర్లు, యూట్యూబ్ ద్వారా పేరు పొందినవారు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1967లో సుప్రీం కోర్టు ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వానికి, కె. సత్యనారాయణకు మధ్య నడిచిన కేసులో తీర్పు చెప్పింది. ఇది సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసు. తరువాతి కాలంలో ఆన్‌లైను సంస్థలు ఈ తీర్పును ఆధారంగా చూపేవి.

తెలంగాణ 2017లోను, ఆంధ్ర ప్రదేశ్ 2020లోను తమ జూద చట్టాలను సవరించి, సొమ్ముతో ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధించాయి. అయినా ప్రకటనలు తెలుగు ప్రేక్షకులను చేరుతూనే ఉన్నాయి. 2025 మార్చిలో హైదరాబాదులోని పంజాగుట్ట, మియాపూర్ పోలీసు స్టేషన్లలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణపై పలువురు నటులు, సామాజిక మాధ్యమ ప్రముఖులపై కేసులు నమోదయ్యాయి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 21వ సెక్షను ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనలో పాల్గొన్న ప్రచారకర్తకు 10 లక్షల రూపాయల వరకు, తిరిగి అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఒక సంవత్సరం పాటు, పునరావృతమైతే మూడు సంవత్సరాల పాటు ప్రచారం చేయకుండా నిషేధించవచ్చు. ప్రకటనలోని మాటలను సరిచూడడానికి తగిన జాగ్రత్త తీసుకొన్నట్లు నిరూపిస్తే మినహాయింపు ఉంది. ఫుల్ టిల్ట్ ఉదంతంలో ప్రచారకర్తలను అడిగిన ప్రశ్నయే, అనగా సంతకం చేసేముందు ఏమి సరిచూశారన్నదే, ఇక్కడ చట్టరూపం దాల్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైను గేమింగ్ చట్టం సొమ్ముతో ఆడే ఆన్‌లైను ఆటలను, వాటి ప్రకటనలను కూడా నిషేధించింది. ప్రకటనలకు సంబంధించిన నేరానికి రెండు సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా ఇందులో నిర్దేశించబడ్డాయి.

ఇవి కూడా చూడండి

- పేకాట
- రమ్మీ
- జూదం
- పోంజీ పథకం
- వినియోగదారుల రక్షణ చట్టం